దమ్ము, ఉబ్బసం ఉన్నవాళ్లు పళ్లను ఎందుకు వదిలేయకూడదు? గల్ఫ్ కార్మికుల కోసం

ఆయాసం వస్తే ఇన్‌హేలర్ పీలుస్తాం. దగ్గు ముదిరితే క్లినిక్‌కు పోయి మందులు రాయించుకుంటాం. కానీ బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తే మాత్రం "పళ్లే కదా, చుట్టీకి పోయినప్పుడు చూద్దాంలే" అని వదిలేస్తాం. ఆ చుట్టీ రెండేళ్లకు వస్తుంది. వచ్చాక పెళ్లిళ్లు, పొలం పనులు, అప్పుల లెక్కలతోనే అయిపోతుంది. పళ్లు మళ్లీ వెనక్కి పోతాయి.

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఇది పళ్లతో ఆగే సంగతి కాదు. సీఓపీడీ (మనవాళ్లు దమ్ము అంటారు), ఆస్తమా, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ మిగిల్చిన మచ్చలు, వీటిలో ఏది ఉన్నా నోట్లో పేరుకున్న మురికి ఛాతీ దాకా పోయే ప్రమాదం ఉంది. ఒక్కసారి ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే వారం పది రోజులు డ్యూటీ పోతుంది, జీతం కోత పడుతుంది, కొందరికి ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. ప్రతి ఇన్‌ఫెక్షన్ తర్వాత ఊపిరి ఇంతకు ముందు ఉన్నంత బాగా ఉండకపోవచ్చు కూడా. అందుకే రాస్తున్నా. నేను డాక్టర్ను కాను, క్యాంపుల్లో తిరిగే వాలంటీర్ని. ఇందులో ఉన్నవి డాక్టర్లు మామూలుగా చెప్పే విషయాలే, మన బతుకుకు తగ్గట్టు ఒకచోట పెట్టాను. మీకు రాసిచ్చిన మందు ఏదీ ఇది చదివి మానొద్దు.

నోటి నుంచి ఛాతీకి దారి

మన నోట్లో 700కు పైగా రకాల సూక్ష్మక్రిములు ఉంటాయని గుర్తించారు. అన్నీ చెడ్డవి కావు. పళ్ల మీద, చిగుళ్ల అంచున తెల్లగా జిగటగా పట్టే పాచిలో అవి గూడు కట్టుకుంటాయి. ఆ పాచిని రోజూ తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌తో పోదు. దాని కింద చిగురు వాచి, పంటికీ చిగురుకూ మధ్య సందు పడి, ఆ సందులో గాలి తగలని చోట పెరిగే క్రిములు చేరతాయి.

ఇక నిద్రలో ఏమవుతుందంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కొద్దికొద్దిగా ఉమ్మి గొంతు దాటి గాలి గొట్టంలోకి జారుతుంది. మనకు తెలియదు. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లలో గాలి గొట్టాల లోపలి సన్నని కేశాలు దాన్ని పైకి నెట్టేస్తాయి, దగ్గు మిగిలినదాన్ని తోసేస్తుంది. ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్, సిమెంట్ దుమ్ము, గ్రానైట్ దుమ్ము పీల్చిన ఛాతీలో ఆ కేశాలు దెబ్బతిని ఉంటాయి, తెమడ చిక్కగా నిలిచిపోయి ఉంటుంది. క్రిములు అక్కడే ఉండిపోతాయి. మందు తాగి పడుకుంటే దగ్గు సరిగా పనిచేయదు, జారేది ఎక్కువవుతుంది. పళ్లు, చిగుళ్లు బాగా పాడైనవాళ్లలో ఊపిరితిత్తిలో చీము గడ్డ కట్టడం డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలిసిన జబ్బు. తెమడ దుర్వాసన కొట్టడం దాని గుర్తు.

చిగుళ్ల జబ్బు వల్లే దమ్ము వస్తుందా అంటే, అలా రుజువైందని చెప్పలేం. రెండూ ఒకే మనిషిలో ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజం. కానీ పొగ తాగడం రెండింటికీ కారణం కాబట్టి ఏది దేని వల్ల అన్నది విడదీయడం కష్టం. జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు చూసిన ఒక అధ్యయనంలో మాత్రం, నోరు శుభ్రం చేసే ఏర్పాటు ఉన్నవాళ్లలో 100కు 11 మందికి న్యుమోనియా వస్తే, అది లేనివాళ్లలో 100కు 19 మందికి వచ్చింది. వాళ్లు ముసలివాళ్లు, మనం పనిచేసే వయసువాళ్లం, అదే లెక్క మనకు సరిపోతుందని అనను. చైనాలో సీఓపీడీ ఉన్న కొద్దిమందికి చిగుళ్ల వైద్యం చేసి చూస్తే, ఆయాసం ఉన్నట్టుండి ముదిరే సందర్భాలు తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా ఒక బ్రష్ ధరతో పోయేదానికి ఈమాత్రం ఆధారం నాకు చాలు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. సైట్‌లో నీళ్లు కొట్టకుండా టైల్స్, కర్బ్ రాళ్లు కోయించే కంపెనీ తప్పును మీ టూత్‌బ్రష్ సరిచేయదు. సిలికా దుమ్ముకు నీళ్లు, సరైన మాస్కు కావాలి, గుడ్డ కట్టుకుంటే ఆగదు. అవి ఇవ్వమని అడగడం మీ హక్కు. కరీంనగర్, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసి ఇక్కడికి వచ్చినవాళ్లయితే మీ ఛాతీలో పాత దుమ్ము కూడా ఉండొచ్చు, డాక్టర్‌కు ఆ సంగతి కూడా చెప్పండి. ఈ దుమ్ము పళ్లను కూడా అరగదీస్తుంది. నోటితో ఊపిరి పీల్చే అలవాటు ఉంటే మరీ ఎక్కువ.

ఇన్‌హేలర్ నోటికి ఏం చేస్తుంది

చాలామంది అడిగేది ఇదే: "అన్నా, ఇన్‌హేలర్ మొదలుపెట్టినప్పటి నుంచి నాలుక మీద తెల్లగా వస్తోంది, గొంతు బొంగురు పోయింది, మానేయనా?" మానొద్దు. కారణం తెలుసుకుంటే చాలు.

ఇన్‌హేలర్లు ఒకటే రకం కాదు. ఆస్తాలిన్, వెంటోలిన్ అనేవి సాల్బుటమాల్, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే గొట్టాలు తెరుస్తాయి. ఫోరాకార్ట్, సెరోఫ్లో, ఇక్కడ దొరికే సింబికార్ట్, సెరెటైడ్ లాంటి వాటిలో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. లోపలి వాపును తగ్గించేది అదే. పీల్చిన మందు అంతా ఛాతీకి పోదు, చాలా భాగం నాలుక మీద, గొంతులో పడుతుంది. ఆ స్టెరాయిడ్ అక్కడే ఉండిపోతే ఫంగస్ పెరుగుతుంది. గీకితే ఊడివచ్చే తెల్ల పూత, కింద ఎర్రగా మంట, కారం తినలేకపోవడం, రుచి తెలియకపోవడం దాని లక్షణాలు. షుగర్ ఉన్నవాళ్లకు, కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లకు తొందరగా వస్తుంది.

దీనికి మందు కన్నా ముందు చేయాల్సింది: స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి, గొంతు దాకా గరగరలాడించి, ఉమ్మేయాలి. మింగకూడదు. ఇంకా సులువైన పద్ధతి ఏమిటంటే, పొద్దున, రాత్రి బ్రష్ చేసే ముందే ఇన్‌హేలర్ పీల్చండి. తర్వాత బ్రష్ ఎలాగూ చేస్తారు, పుక్కిలించడం మరిచిపోరు. పై బంకులో పడుకునేవాళ్లు దిగడానికి బద్ధకించి అలాగే నిద్రపోతుంటారు, ఒక నీళ్ల సీసా, ఒక ఖాళీ కప్పు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. గ్యాస్ డబ్బా రకం ఇన్‌హేలర్ అయితే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలించి పీల్చమని డాక్టర్లు చెబుతారు. దాంతో నోట్లో పడేది తగ్గి, ఛాతీకి పోయేది పెరుగుతుంది. స్పేసర్ చూసి రూమ్‌లో నవ్వుతారని సంచిలో దాచేవాళ్లు ఉన్నారు. నవ్వనివ్వండి. తెల్ల పూత అప్పటికే వస్తే డాక్టర్ ఫంగస్ మందు రాస్తారు, కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

రెండో సమస్య నోరు ఎండిపోవడం. టియోట్రోపియం, ఇప్రాట్రోపియం ఉన్న మందులు ఉమ్మిని తగ్గిస్తాయి. మామూలుగా రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు ఉమ్మి ఊరుతుంది, పళ్లను కడిగేది అదే. అది తగ్గితే పళ్లు తొందరగా పుచ్చిపోతాయి. పైగా ఎండలో పని, చెమట. నోరు ఎండినప్పుడు మనవాళ్లు తాగేది కరక్ చాయ్, మౌంటెన్ డ్యూ, ఎనర్జీ డ్రింక్. అన్నీ చక్కెరే. డ్రింకుల్లో పుల్లటి ఆమ్లం పంటి పైపొరను కూడా కరిగిస్తుంది. నీళ్లు గుక్క గుక్కగా తాగుతూ ఉండటం మేలు. బఖాలాలో చక్కెర లేని చూయింగ్ గమ్ దొరుకుతుంది, అది నమిలితే ఉమ్మి ఊరుతుంది.

ఇన్‌హేలర్ మూతి కూడా శుభ్రంగా ఉండాలి. గ్యాస్ డబ్బా రకంలో లోపలి డబ్బా తీసేసి, ప్లాస్టిక్ భాగాన్ని వారానికి ఒకసారి గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పొడి నేరుగా లోపలే ఉండే డిస్కస్, టర్బుహేలర్ రకాలకు నీళ్లు తగలనివ్వకూడదు, పొడి గుడ్డతో తుడవాలి. ఒకరిది ఇంకొకరు వాడొద్దు. ఎండాకాలంలో కంపెనీ బండిలో వదిలేయొద్దు, వేడికి గ్యాస్ డబ్బా పేలే ప్రమాదం ఉంది.

క్యాంపులో రోజూ

రెండు పూటలా రెండేసి నిమిషాలు, మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. ఒక్కపూటే వీలవుతుందంటే రాత్రి పూట వదలకండి. నిద్రలో ఉమ్మి బాగా తగ్గుతుంది, క్రిములు పెరిగేదీ అప్పుడే, ఛాతీలోకి జారేదీ అప్పుడే. మన ఇళ్లలో మాత్రం పొద్దున తోముకోవడమే నేర్పారు. నాలుగు గంటలకు బాత్‌రూమ్ ముందు లైన్‌లో నిలబడి తొందరగా తోమే దానికంటే, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా తోమేది ఎక్కువ పనికొస్తుంది. చిగురు అంచున బ్రష్‌ను కొంచెం వంచి చిన్నగా తిప్పాలి. గట్టిగా రుద్దితే చిగురు పైకి పోతుంది. తర్వాత నాలుక. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తారు కొందరు. పాచి ఉంది కాబట్టే రక్తం వస్తోంది, మెత్తగా తోముతూనే ఉండాలి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, కచ్చిక బూడిద వద్దు, పళ్లు అరిగిపోతాయి. వేప పుల్ల, ఇక్కడి మిస్వాక్ వాడుకోవచ్చు, అయితే వాటితో పాటు ఫ్లోరైడ్ పేస్టు కూడా ఉండాలి. ఒకే గ్లాసులో పది మంది బ్రష్‌లు తలలు తగిలేలా పెట్టే అలవాటు క్యాంపుల్లో చూస్తుంటాను. ఎవరి బ్రష్ వాళ్ల దగ్గర విడిగా, నిలబెట్టి, ఆరేలా ఉంచుకోండి. మూడు నాలుగు నెలలకు మార్చండి.

కట్టుడు పళ్లు ఉన్నవాళ్లు రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, నీళ్లలో పెట్టి పడుకోవాలి. 85 ఏళ్లు దాటినవాళ్ల మీద జపాన్‌లో జరిగిన మరో అధ్యయనంలో, కట్టుడు పళ్లు పెట్టుకునే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు సుమారు రెండింతలు కనిపించింది. ఈ మాట ఇంటి దగ్గర ఉన్న మీ అమ్మానాన్నలకు ఫోన్‌లో చెప్పండి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చేసే ఇళ్లలో, కట్టెల పొయ్యి మీద వండిన ఇళ్లలో పెద్దవాళ్లకు దమ్ము ఉండటం మామూలే కదా.

పొగాకు గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను పొడిగించను. బీడీ, సిగరెట్, షీషా మూడూ చిగుళ్లనూ ఛాతీనీ కలిపి పాడుచేస్తాయి. సిగరెట్ మానడానికి గుట్కా, నస్వార్ పట్టుకుంటే ఛాతీకి పొగ తగ్గొచ్చు గానీ నోటి క్యాన్సర్ ముప్పు వస్తుంది. చాలా గల్ఫ్ దేశాల్లో నమిలే పొగాకు అమ్మడం నేరం కూడా. పొగ తాగేవాళ్లలో చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం తక్కువ వస్తుంది. రక్తం రాలేదు కాబట్టి బాగున్నాయని అనుకోవద్దు.

ఇళ్లలో పనిచేసే అక్కలకు

కోనసీమ, కడప వైపు నుంచి కువైట్, మస్కట్ ఇళ్లకు వచ్చిన అక్కలకు ఛాతీ సమస్య తరచూ క్లోరాక్స్ వల్ల, బాత్‌రూమ్ ఆసిడ్ వల్ల, రోజూ వేసే బుఖూర్ పొగ వల్ల మొదలవుతుంది. క్లోరాక్స్‌లో ఆసిడ్ గానీ అమోనియా ఉన్న లిక్విడ్ గానీ కలిపితే విష వాయువు వస్తుంది, ఎప్పుడూ కలపొద్దు, ఎవరు చెప్పినా సరే. మీకు బయటికి పోయే వీలు తక్కువ కాబట్టి పంటి నొప్పి ముదిరేదాకా చెప్పకుండా ఉంటారు. "సిన్ని యౌజాని" అంటే అరబీలో "నా పన్ను నొప్పి పెడుతోంది" అని. మేడమ్‌కు మొదటి రోజే చెప్పండి. నొప్పికి లవంగ నూనె తాత్కాలికమే, పుచ్చు దానితో పోదు.

పంటి డాక్టర్ కుర్చీలో కూర్చునే ముందు

ఈ భాగం శ్రద్ధగా చదవండి. పంటి డాక్టర్ మీ ఛాతీ గురించి అడగకపోయినా మీరే చెప్పాలి. వాడే మందులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి, భాష సమస్య ఉండదు.

మనవాళ్లు ఇండియా నుంచి డెరిఫిలిన్ మాత్రలు తెచ్చుకుని ఏళ్ల తరబడి వేసుకుంటారు. అందులో థియోఫిలిన్ ఉంటుంది. పంటి ఇన్‌ఫెక్షన్‌కు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్ ఇస్తే ఒంట్లో థియోఫిలిన్ పెరిగిపోయి వాంతులు, గుండె దడ, ముదిరితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కు తెలిస్తే వేరే మందు రాస్తారు. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

ఆస్తమా ఉన్న కొందరికి ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పడవు, వేసుకున్న గంట రెండు గంటల్లో ఆయాసం పట్టేస్తుంది. గతంలో ఎప్పుడైనా అలా జరిగి ఉంటే తప్పక చెప్పండి. అలాంటివాళ్లకు మామూలుగా పారాసిటమాల్ ఇస్తారు. ప్రెడ్నిసోలోన్, అంటే వైసొలోన్ మాత్రలు, చాలాకాలంగా వేసుకునేవాళ్లకు పన్ను తీసిన గాయం ఆలస్యంగా మానుతుంది. ఆ మాత్రలను ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని పొండి. పూర్తిగా వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆడదని ముందే చెబితే కుర్చీ కొంచెం లేపి పని చేస్తారు. ఆయాసం ఎక్కువగా ఉన్న రోజు, అత్యవసరం కాకపోతే, అపాయింట్‌మెంట్ మార్చుకోండి.

ఇండియా నుంచి నొప్పి మాత్రలు తెచ్చుకునేవాళ్లకు గట్టి హెచ్చరిక. పంటి నొప్పికి మన ఊళ్లో రాసే అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో కోడిన్ ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో ఇవి అదుపులో ఉన్న మందులు. చీటీ లేకుండా, అనుమతి లేకుండా ఎయిర్‌పోర్ట్‌లో దొరికితే కేసు అవుతుంది, జైలు కూడా పడొచ్చు. పక్క ఊరివాళ్లు ఇచ్చిన పొట్లంలో ఉన్నా పట్టుబడేది మీరే. పంటి నొప్పి మాత్రతో జీవితం పాడు చేసుకోవద్దు.

ఇక అపోహలు. గార తీయిస్తే పళ్లు వదులైపోతాయని అంటారు. గార, వాపు పోయాక సందులు కనిపిస్తాయి, కొన్ని రోజులు జివ్వుమంటుంది. పళ్లను వదులు చేసేది లోపల ఉన్న చిగుళ్ల జబ్బు. పై పన్ను పీకితే కంటి చూపు పోతుందన్నదీ నిజం కాదు.

కార్డు, చుట్టీ, ఖర్చు

యుఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ కంపెనీలు కార్మికులకు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించాల్సిందే. సౌదీలోనూ ప్రైవేట్ కంపెనీ ఉద్యోగులకు యజమానే చేయించాలి. అయితే తక్కువ ఖర్చు కార్డుల్లో పళ్ల వైద్యం చాలాసార్లు ఉండదు, లేదా అత్యవసరానికే ఉంటుంది. కార్డు వెనక ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి డెంటల్ ఉందా, వాపు, చీము వస్తే ఏ ఆస్పత్రికి పోవాలి, మన చేతి నుంచి ఎంత కట్టాలి అని అడగండి. ఫోన్‌లో హిందీ మాట్లాడేవాళ్లు చాలాసార్లు ఉంటారు. కార్డే ఇవ్వని కంపెనీ అయితే అది పళ్లకు మించిన సమస్య, మదద్ పోర్టల్‌లో గానీ ఎంబసీలో గానీ ఫిర్యాదు పెట్టండి.

పెద్ద పనులు చుట్టీలో చేయించుకోవడమే చాలామందికి కుదిరే దారి. అలాగైతే ఊరికి చేరిన మొదటి వారంలోనే పొండి. రూట్ కెనాల్‌కు, లోతైన చిగుళ్ల శుభ్రానికి రెండు మూడుసార్లు పోవాల్సి వస్తుంది. విమానం ఎక్కే ముందు రోజు పన్ను పీకించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ దవడ వాచి పడే బాధ చూడలేం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, ప్రైవేట్ క్లినిక్‌లతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. రద్దీ ఉంటుంది, పొద్దున్నే పోవాలి. జిల్లా ఆస్పత్రుల్లో కూడా పంటి విభాగం ఉందేమో కనుక్కోండి. కొత్తగా గల్ఫ్‌కు వచ్చే తమ్ముళ్లయితే, ఏజెంట్‌కు ఇచ్చే లక్షల పక్కన, మెడికల్ పరీక్షకు ముందే పుచ్చు పళ్లు బాగుచేయించుకోవడం చాలా చిన్న ఖర్చు.

ఎప్పుడు ఆగకూడదు

దవడ కింద గానీ మెడలో గానీ వాపు పెరుగుతూ నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, మాట మారిపోవడం, జ్వరంతో పాటు ఊపిరి కష్టం కావడం, ఇవి పంటి ఇన్‌ఫెక్షన్ గొంతును మూసేస్తున్న గుర్తులు. తెల్లారేదాకా ఆగొద్దు, ఫోర్మన్ పర్మిషన్ కోసం చూడొద్దు. తెమడ పసుపు, ఆకుపచ్చ రంగుకు మారి ఆయాసం పెరిగినా, దుర్వాసన వచ్చినా, రక్తం పడినా, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా అంతే. ఊడిన పన్ను గానీ కట్టుడు పన్ను ముక్క గానీ మింగాననిపించి తర్వాత దగ్గు ఆగకపోతే అది గాలి గొట్టంలోకి పోయి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి. రెండు వారాలు దాటిన దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోండి, దాచిపెడితే రూమ్‌లో అందరికీ అంటుతుంది.

అంబులెన్స్ నంబర్లు: యుఏఈ 998, సౌదీ 997, ఖతర్ 999, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమన్ 9999. ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి, మీ క్యాంపు పేరు, బ్లాక్ నంబర్, దగ్గరలో ఉన్న పెద్ద గుర్తు ఇంగ్లిష్‌లో గానీ అరబీలో గానీ రాసి దాని పక్కనే పెట్టుకోండి.